భయానికి జీతమిచ్చిన రంగుల షెడ్డు

సాంబ్రాణి పొగలో మరో వాసన కలిసిందని నాకు తెలిసినప్పుడు నా చేతిలో బొరుగుల పళ్లెం ఉంది. ఆయుధ పూజ అప్పుడే అయిపోయింది. మా రంగుల షెడ్డు ముందర అందరూ విస్తరాకుల్లో బొరుగులు, బెల్లం, కొబ్బరి ముక్కలు పెట్టుకుని కూర్చున్నారు. గీసిన అగ్గిపుల్లను ముక్కు దగ్గర పెట్టుకుంటే గొంతులో గుచ్చుకుంటుంది చూడండి, అలాంటి వాసన. ఒకసారి తగిలి పోయింది. గాలి మళ్లగానే మళ్లీ తగిలింది. నేను మొదట చేసిన పని నా పిల్లలు ఎక్కడున్నారో చూసుకోవడం. కూతురు గేటు పక్క గోడకు ముఖం ఆనించి గట్టిగా అంకెలు చదువుతోంది. దాగుడుమూతలు ఆడుతున్నారు. కొడుకు ఎక్కడా కనబడలేదు.

నేను ఆ షెడ్డుకు ఎలా చేరానో చెప్పకపోతే ఆ రోజు సంగతి మీకు సగమే అర్థమవుతుంది. ఈ మధ్య డిగ్రీ అయిపోయిన అమ్మాయిలు అప్పుడప్పుడూ వచ్చి, "అక్కా, మీరీ పనిలోకి ఎట్లొచ్చినారు?" అని అడుగుతున్నారు. పగలు తొట్టి దగ్గర నిలబడి జవాబు చెప్పే తీరిక ఉండదు. పిల్లలు పడుకున్నాక ఇలా రాస్తున్నాను.

మాది కర్నూలుకు పడమట ఒక పల్లె. మా తాత కాలంలోనే మగ్గం మానేసి వేరుశనగ సేద్యంలోకి, అది ఎండిపోయిన ఏడు కూలిలోకి దిగిన ఇల్లు. నేను కర్నూలులో కెమిస్ట్రీతో బీఎస్సీ చేశాను. చిన్నప్పటి నుంచి నాకు భయం ఎక్కువ. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి, వేశానో లేదో అని వెనక్కి వచ్చే రకం. ఇంట్లో నవ్వేవాళ్లు. ఉద్యోగాల్లో నవ్వలేదు.

మొదటి ఉద్యోగం హైదరాబాదు పక్కన ఒక మందుల కంపెనీలో. పెట్టెల మీద అంటించిన చీటీలు సరిగా ఉన్నాయా అని చూడటం. నేను చూసినదాన్నే మళ్లీ చూసేదాన్ని. నా వెనక పెట్టెలు గుట్టగా పేరుకునేవి. కొన్నాళ్లు ఓర్చుకుని పంపేశారు. తర్వాత ఆదోని వైపు ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పాను. ప్రయోగం చూపించేటప్పుడు పిల్లల్ని గోడదాకా వెనక్కి జరిపి నిలబెట్టేదాన్ని. "నిమ్మరసం చూపించినా వెనక్కి జరగమంటావేమమ్మా, పిల్లలు బైనాక్యులర్లు తెచ్చుకోవాలా?" అన్నారు హెడ్మాస్టరు గారు, అందరి ముందూ. పెళ్లయి కడప జిల్లాకు వచ్చాక మంగంపేట దగ్గర ముగ్గురాయి, అదే బెరైటీస్, పొడి పరీక్ష చేసే చోట కొన్నాళ్లు కాంట్రాక్టు మీద చేశాను. కూతురు కడుపున పడటంతో అదీ అయిపోయింది. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్ కుట్టేదాన్ని.

మా అత్తగారి ఊరు పెన్నకు దగ్గరలో ఉన్న ఒక నేత ఊరు. మా ఆయన మగ్గం నేస్తాడు, నేసినవి కట్ట కట్టుకుని కడపకు తీసుకెళ్లి ఇచ్చి వస్తాడు. అత్త లేదు. ఒకసారి మా ఆయన నేసిన చీరే వెనక్కి వచ్చింది. ఎర్ర అంచు రంగు దిగి మీగడ రంగు చీరంతా మరకలైంది. ఆ చీర మడిచి చంకన పెట్టుకుని నేనే రంగుల షెడ్డుకు వెళ్లాను. అది నేతగాళ్ల సొసైటీ వాళ్లది. ఊళ్లో సగం ఇళ్లకు నూలు అక్కడే రంగు పడుతుంది. రంగుల మేస్త్రీ మా ఆయనకు వరసకు మేనమామ, అంటే నాకూ మామే. చేతుల గోళ్లు ఎప్పుడూ నీలంగా ఉంటాయి.

"నీళ్లు ఉప్పవి మ్మే. బోరు నీళ్లకు నేనేం జేతును?" అన్నాడు.

"మరి పోయిన నెల దిగలేదు కదా మామా. అప్పుడూ ఇదే బోరు కదా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సదువుకున్నదానివి. నువ్వే చెప్పు ఎందుకు దిగిందో."

నాకు తెలియదన్నాను. తెలుసుకోవాలని మాత్రం ఉందన్నాను. మర్నాడు వెళ్లాను, ఆ మర్నాడూ వెళ్లాను. నీలం తొట్టిలోంచి చిలపలు, అంటే నూలు కట్టలు, పైకి తీసినప్పుడు అవి పచ్చగా, పాచి రంగులో ఉంటాయి. గాలి తగిలేకొద్దీ కళ్ల ముందే నీలమవుతాయి. మూడేళ్లు పుస్తకంలో చదివి పరీక్ష రాసిన సంగతి అది. నేను చూడటం అదే మొదటిసారి. అలాగే నిలబడిపోయాను. "ఏం మ్మే, దయ్యం బట్టిందా?" అన్నాడు మామ. నిజంగానే పట్టింది. ఎర్ర రంగు ఎందుకు దిగుతోందో కనిపెట్టడానికి ఇద్దరికీ వానాకాలమంతా పట్టింది. ఆయనకు తెలిసినవి నాకు తెలియవు, నాకు తెలిసినవి ఆయనకు తెలియవు. అరుచుకున్నాం కూడా. చివరకు సొసైటీ అధ్యక్షుడు నన్ను పనిలోకి తీసుకున్నాడు. "బీఎస్సీ కోడలు" అని పేరు పెట్టాడు.

మా అమ్మ ఫోన్లో ఏడ్చింది. "అన్ని దుడ్లు పెట్టి సదివించింది రంగులు కలపనీకా? అందరి కూతుర్లూ ఆఫీసుల్లో ఫ్యాన్ కింద కూచుంటారు, నా కూతురు తొట్టి కాడ!" అంది.

షెడ్డులో నేను చూసిన వాటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది హైడ్రోసు అనే తెల్ల పొడి. రంగు నీళ్లలో కరిగి నూలులోకి దిగాలంటే అది కావాలి. తొట్టినిండా నీళ్లలో కలిపితే ఏమీ కాదు. డ్రమ్ములో ఉన్నప్పుడు కొంచెం తడి తగిలిందా, తనలో తానే కాగి, పొగలు కక్కి, మండుతుంది. ఆ పొగ ఊపిరిని పట్టేస్తుంది. నేను వచ్చేటప్పటికి ఆ డ్రమ్ము చేతులు కడుక్కునే కుళాయి పక్కనే ఉండేది. పట్టుబట్టి దాన్ని వెనక గదిలోకి మార్పించాను. నేల చెమ్మ తగలకుండా కింద చెక్క పీట వేయించి, ఎప్పుడైనా బయటికి లాగాల్సి వస్తే అని పీటకు తాడు కట్టాను. ఆ గది గోడ మీద 'నీళ్లు తేరాదు' అని నేనే రాశాను.

"డ్రమ్ముకు పలుపుతాడు కట్టినావా? యాడికన్నా మేతకు పోతాదా మ్మే?" అని చిలపలు పిండే అక్కలు నవ్వారు. నవ్వినా తడి చేత్తో ఆ గదిలోకి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. మామ ముందు పంచెకు చేతులు తుడుచుకునేవాడు, నాకు చూపించేవాడు, అప్పుడు లోపలికి వెళ్లేవాడు.

అయినా నాకు స్థిమితం లేదు. బడి వదిలాక నా పిల్లలు షెడ్డుకే వచ్చేవాళ్లు. వాళ్లను గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చోబెట్టి, ఒక కన్ను తొట్టి మీద, ఒక కన్ను వాళ్ల మీద పెట్టి పని చేసేదాన్ని. ఆ దసరా ముందే మా ఊళ్లో కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మీడియం బడి వాళ్లు సైన్సు టీచరుగా రమ్మన్నారు. పిల్లలకు అక్కడే సీటు. మా ఆయనకు నచ్చింది. మా అమ్మకైతే చెప్పనక్కర్లేదు. వద్దనడానికి నా దగ్గర ఒక్క కారణం కూడా లేదు, నాకు షెడ్డంటే ఇష్టమని తప్ప. పండగ వెళ్లాక చెబుతానన్నాను.

ఇక ఆ రోజు. నేత ఇళ్లలో ఆయుధ పూజ అంటే మామూలు విషయం కాదు. ఆ పొద్దు మగ్గం ఆడదు, తొట్టి కాగదు. పనిముట్లన్నీ కడిగి, పసుపు పూసి, బొట్లు పెడతారు. మా షెడ్డులో కాటా, బకెట్లు, చిలపలు వేలాడదీసే వెదుళ్లు, తొట్లు, అన్నింటికీ వరసగా బొట్లు. రంగుల డబ్బాలకు కూడా. మా ఆయన ఒక పెళ్లివారికి చీరలివ్వాలని కడపకు వెళ్లాడు. నేను పిల్లలతో వచ్చాను. లోపల పూజ జరుగుతుంటే నేను బయట బొరుగులు కలుపుతున్నాను.

ఆ వాసన తగిలినప్పుడు నేను పళ్లెం కింద పెట్టి, "తమ్ముడు యాడ దాక్కున్నాడు?" అని కూతుర్ని అడిగాను.

"చెప్పగూడదు కదమ్మా, నేనే ఎతకాల."

"యాడ?"

నా గొంతు విని అది గోడ వదిలి ఇటు తిరిగింది. "తెలీదు. పోయినసారి వెనక గదిలో దాక్కున్నాడు" అంది.

నేను పరుగెత్తాను. వెనక నుంచి అధ్యక్షుడు, "బీఎస్సీ కోడలికి మళ్లీ ఏందో అనుమానమొచ్చిందప్పా!" అనడం, అందరూ నవ్వడం వినిపించింది. వెనక గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను. లోపల తెల్లటి పొగ నడుముదాకా ఉంది. డ్రమ్ము మూత పక్కల నుంచి వస్తోంది. పూజలో అగరుబత్తి పెట్టి వెళ్లారు, వాడు ఆ పొగే అనుకుని ఉంటాడు. బస్తాల వెనక నుంచి దగ్గు. వాడు అక్క వచ్చి పట్టుకోవాలని ముక్కు మూసుకుని కూర్చున్నాడు. చంకలో వేసుకుని బయటికి వచ్చి ఎవరి చేతుల్లోనో పెట్టాను. ఎవరి చేతుల్లోనో ఇప్పటికీ గుర్తులేదు.

వెనక్కి తిరిగేసరికి మామ వస్తున్నాడు. చేతిలో నిండు బకెట్టు. పొగ కనబడితే నీళ్లు పోయడం ఆయన తప్పు కాదు, ఎవరైనా అదే చేస్తారు. ఆ కాస్త నీళ్లతో ఆ పొడి చల్లారదు, మొత్తం భగ్గుమంటుంది. దాని పక్క గదిలో ఊరందరి నూలు ఉంది, ముందర ఊళ్లో సగం పిల్లలున్నారు.

"పోయొద్దు!" అని అరిచాను. మామా అని కూడా అనలేదు.

ఆయన బకెట్టు ఎత్తి పట్టుకుని గడప మీద ఆగాడు. నా వైపు చూశాడు. అధ్యక్షుడు వెనక నుంచి, "ఏమప్పా సూస్తాండావు, పొయ్యి!" అంటున్నాడు. ఇంకెవరో, "ఆ పిల్లకు అన్నీ భయాలే, నువ్వు పొయ్యి!" అన్నారు. మామ బకెట్టు దించి, కాలితో దూరంగా తోశాడు. కొన్ని నీళ్లు గడప అవతలికి ఒలికాయి. "ఏం జెయ్యాల?" అన్నాడు.

నేను చెప్పాను. బయటికి లాగాలి. ఇద్దరం ముక్కుకు గుడ్డలు కట్టుకున్నాం, నా పైటకొంగు చింపి సగం ఆయనకిచ్చాను. పీట తాడు పట్టుకున్నాం. డ్రమ్ము అప్పటికే కాలుతోంది, దగ్గరికి వెళ్తే సెగ. ఆ గదికి దొడ్డి వైపున్న తలుపు తీసే ముందు మామ, "గాలి పడమర. పిల్లోళ్లనందరినీ ఆ పక్కకు తోలండి!" అని కేక వేశాడు. ఆ సంగతి నాకు తట్టలేదు. ఆయనకూ తట్టకపోయి ఉంటే పొగంతా నేరుగా వాళ్ల మీదికి పోయేది. పీటను గడప దాటించి, చిలపలు ఆరేసే ఇసక దొడ్లో నడిమధ్యకు లాగి తాడు వదిలేశాం. పరుగెత్తాం. వెనక నుంచి మూత ఎగిరిపడ్డ చప్పుడు. తర్వాత మంట. నీలంగా, అందంగానే మండింది. అది మండి చల్లారేదాకా అందరం గాలి వచ్చే పక్కన నిలబడి చూశాం.

షెడ్డుకు ఏమీ కాలేదు. నూలుకు పొగ వాసన పట్టింది, అంతే. నా కొడుకు దగ్గు ఆగకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి దగ్గు తగ్గింది, రాత్రికి ఇంటికి తీసుకుపోవచ్చన్నారు. మా ఆయన కడప నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు. వాణ్ని తడిమి చూసుకుని, వరండాలోకి వచ్చి, అన్నాడు: "ఇంక సాలు. రేపట్నుంచి వద్దు. బడోళ్లకు నేనే ఫోన్ చేసి చెబ్తా."

నేను సరే అన్నాను. నిజంగానే అన్నాను. అప్పుడు ఏది అడిగినా సరే అనేదాన్ని.

"నీకు అసలే అన్నిటికీ భయం. భయపడేదానివి పోయి పోయి భయమున్న చోటనే ఎందుకు పని జేస్తాండావు? నాకు ఎప్పటికీ అర్థం గాదు" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

అప్పుడే మామ వచ్చాడు. పండగ కోసం కట్టిన కొత్త పంచె మోకాలిదాకా మసి. వరండా స్తంభం దగ్గరే నిలబడిపోయాడు.

"పిల్లోడు?"

"బాగున్నాడు మామా."

"తడి నేనే తగిలించినా" అన్నాడు. "పూజ చేసినాక కలశం నీళ్లు మామిడాకుతో అన్నిటి మీదా చల్లినా. డ్రమ్ము కాడికి వచ్చేసరికి, రేకుకేంటికి పూజ, లోపలుండే దానికి గదా అని మూత తీసినా. చెంబులో మిగిలిండేది కూడా అందులోనే పోసినా."

"నీళ్లు తేకూడదని రోజూ చేతులు తుడుచుకుంటావు కదా మామా?"

"అది తీర్థం మ్మే. నీళ్లని నాకు తోచలే."

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఏం లాభం? పూజలో కలశంలోని నీటిని నీళ్లని ఎవరనుకుంటారు? నేను లోపల ఉండి ఉంటే నేను మాత్రం అనుకునేదాన్నా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

మా ఆయన లేచి నిలబడ్డాడు. పెద్దవాడని గౌరవం ఉంచుకునే అడిగాడు. "మామా, ఒకటి చెప్పు. ఇన్నేళ్లు ఈమె లేకుండానే షెడ్డు నడిచింది గదా. ఇప్పుడీమె ఉంటే ఏంది, లేకుంటే ఏంది?"

మామ గోళ్లు చూసుకున్నాడు. "నేను బకెట్టు పోసేసిండేవాడిని అబ్బోడా. అధ్యక్షుడు పొయ్యమనె, అందరూ పొయ్యమనిరి. ఈ యమ్మ వద్దని అరిచింది, దించినా."

"ఈమె దేనికైనా వద్దనే అంటాది గదా."

"అంటాది. రోజూ అంటాది. మెల్లగా అంటాది, మేము నవ్వుతాం. అరిచింది మాత్రం ఎప్పుడూ లేదు. ఈ పొద్దు అరిచింది. అరిచిందంటే ఏందో ఉండాది అనుకున్నా." మళ్లీ తనే, "అధ్యక్షుడు యాడుండాడో తెలుసునా? టీ అంగడికాడ. 'నేనే లాగిపిచ్చినా' అని చెబ్తాండాడు. సెప్పుకోనీ పాపం" అన్నాడు. నా వైపు తిరిగాడు. "రేపు వస్తావా, రావా, నేనడగను. రాకుంటే ఆ గదిలో మళ్లీ డ్రమ్ము పెట్టనీను. నీలం, ఎరుపు మానేసి ఆ పొడి అక్కర్లేని రంగులేవో ఏసుకుని పొట్ట పోసుకుంటాం. అది చెప్పి పోదామని వచ్చినా."

వెళ్లిపోయాడు. మా ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఫోన్ పొద్దున జేస్తాలే" అని మాత్రం అన్నాడు.

అప్పటిదాకా నేను చేసిన ప్రతి చోటా నా భయాన్ని నేను దాచుకోవాలి, లేదా వాళ్లు నన్ను పంపేయాలి. దాన్ని రోజూ గమనించి, ఎప్పుడు నమ్మాలో తెలుసుకుని పెట్టుకున్న మనిషి ఒకడున్నాడని ఆ వరండాలోనే నాకు తెలిసింది. తగిన ఉద్యోగం అంటే ఏమిటని అడిగే అమ్మాయిలకు నేను చెప్పగలిగింది ఇంతే. మీలో అందరూ లోపమన్న దాన్ని ఏదో ఒక పని అడుగుతుంది. ఆ పని బాగా చదువుకున్నవాళ్లు చేసేదే కానక్కర్లేదు, ఫ్యాన్ కింద ఉండేదే కానక్కర్లేదు. కానీ దాని ఖర్చు మీ ఒక్కరిదే కాదు, ఇంట్లోవాళ్లదీ. నా కొడుకు దగ్గు విన్నప్పుడు ఈ మాటలేవీ నాకు గుర్తుకు రాలేదు. అది కూడా చెప్పాలి.

మర్నాడు పొద్దున ఉప్మా పెడుతుంటే మా ఆయన మగ్గం గుంటలో కూర్చుని పోగులు అతుకుతున్నాడు. ఫోన్ పక్కనే ఉంది, ముట్టుకోలేదు. నేను పనికి కట్టే పాత చీర కట్టుకున్నాను. కూతురు చూసింది.

"అమ్మా, బడికి పోతాండావా, షెడ్డుకా?"

"షెడ్డుకు."

కొడుకు చెంచా ఆపాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "అది మళ్లీ మండుతాదా?"

మండదు నాయనా అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మగ్గం దగ్గర మా ఆయన చేతులు ఆగాయి, ఆయనా వింటున్నాడు. నేను వాళ్ల ముందు కూర్చుని ఇలా చెప్పాను:

"మండొచ్చు. అందుకని మీరిద్దరూ ఇంకెప్పుడూ ఆ గేటు లోపలికి రాగూడదు. బడి వదిలితే పక్కింటి అవ్వకాడ కూచోవాల, నేనే వచ్చి తీసుకొస్తా. నేను మాత్రం పోవాల. మండుతాదేమో అని పొద్దస్తమానం అనుకునే మనిషి ఆడ ఒకరుండాల. ఆ మనిషిని నేనే."